ఆముదపు నైలాన్‌తో సోలార్ ప్యానెల్ వెనక షీటు: వేసి చూడాలంటే ఎలా?

మా లైన్లో పిల్లలు నన్ను లామినేటరక్క అని పిలిచేవాళ్లు. చర్లపల్లిలో ఒక చిన్న సోలార్ ప్యానెల్ యూనిట్లో పద్దెనిమిదేళ్లు గాజు, సెల్స్, ప్లాస్టిక్ పొరల్ని వేడితో ఒత్తి అతికించే లామినేటర్ పక్కనే నిలబడ్డాను, పేరు అలా అతుక్కుపోయింది. ఇప్పుడు ఉద్యోగం లేదు. ఇంటి మేడ మీద రేకుల షెడ్డు ఉంది. అందులో చిన్న లామినేటర్, ఓవెన్, గ్రాములో వందో వంతు దాకా చూపించే త్రాసు, కరెంటు లీకవుతోందా అని చూసే మెగ్గర్, వంటకి ఇక పనికిరాని ప్రెషర్ కుక్కర్ ఉన్నాయి. పాత పరిచయస్తుల చేతికి కొత్త షీటు ఏదైనా వస్తే "అక్కా, ఒకసారి చూసిపెట్టు" అని తెచ్చిస్తుంటారు.

ఈ మధ్య వాళ్లు తెచ్చేవాటిలో మొక్కల నుంచి చేసిన ప్లాస్టిక్కులు ఎక్కువయ్యాయి. "పెట్రోలుతో పని లేదు, ప్యానెల్ ఖర్చు తగ్గుతుంది" అని చెప్పి మరీ ఇస్తారు. కొన్నిచోట్ల తగ్గుతుంది, కొన్నిచోట్ల పెరుగుతుంది. ఎక్కడ తగ్గుతుందో మీ యూనిట్లోనే మీరు తేల్చుకునే పద్ధతి చెబుతాను. చిన్న యూనిట్ నడిపేవాళ్లకి, ప్రాజెక్టు చేసే పాలిటెక్నిక్ పిల్లలకి ఇది పనికొస్తుంది.

నాకు ఆముదం మీద కాస్త పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటాను. మా నాయిన కల్వకుర్తి దగ్గర ఎర్ర చెలకలో ఆముదం వేసేవాడు. నీళ్లు లేని నేలలో అదొక్కటే నమ్మకం. అయినా గెలలు వేసే వేళకి నాలుగు రోజులు ముసురు పట్టిందంటే బూజు తెగులొచ్చి కాయంతా కుళ్లిపోయేది. ఆ గింజ నుంచి వచ్చిన నైలాన్ ఒకరోజు నా లామినేటర్ మీదికి వస్తుందని నాయినకి చెబితే నవ్వి ఊరుకునేవాడు.

ముందు ప్యానెల్‌ని తూకం వేసుకోండి

ప్యానెల్లో అసలు ప్లాస్టిక్ ఎంత ఉందో తెలియకుండా ఖర్చు తగ్గుతుందని లెక్కేయడం దండగ. ఇప్పుడు ఎక్కువగా కనిపించే 540 వాట్ల ప్యానెల్ తీసుకోండి. కొలత 2278 మి.మీ. పొడవు, 1134 మి.మీ. వెడల్పు, అంటే 2.58 చదరపు మీటర్లు. బరువు 28 కిలోల దగ్గర. ముందున్న 3.2 మి.మీ. గాజే 20 కిలోలు దాటుతుంది. సెల్స్‌కి పైనా కిందా వేసే ఈవీఏ (వేడికి కరిగి అన్నిటినీ అతికించే పారదర్శక ప్లాస్టిక్), ఒక్కో పొర 0.45 మి.మీ. అనుకుంటే, రెండూ కలిపి 2.2 కిలోలు. వెనక షీటు 0.3 మి.మీ. పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) అయితే సుమారు 1.1 కిలో. జంక్షన్ బాక్స్, కేబుల్ తొడుగు దీనికి అదనం.

అంటే 28 కిలోల్లో మనం మార్చగలిగే ప్లాస్టిక్ మూడు కిలోల పైచిలుకు. ఖర్చులో సింహభాగం సెల్‌ది, తర్వాత గాజు, అల్యూమినియం ఫ్రేమ్. వెనక షీటు ఎవరైనా ఊరికే ఇచ్చినా ప్యానెల్ ధర సగానికి పడిపోదు. "మొక్కల ప్లాస్టిక్‌తో సగం ధరకే ప్యానెల్" అని ఎవరైనా అంటే టీ ఇచ్చి పంపేయండి.

అయినా వెనక షీటు మీదే అందరి కన్నూ ఎందుకు పడిందంటే, అందులో ఖరీదైన పొర ఒకటుంది. చాలాకాలం మంచి బ్యాక్‌షీట్ అంటే మధ్యలో పెట్, రెండు వైపులా టెడ్లర్ అనే ఫ్లోరిన్ ఫిల్మ్. మూడు ఫిల్ములు, రెండు జిగురు పొరలు, అన్నిటినీ అతికించడానికి వేరే మెషిను. ఆ ఫ్లోరిన్ ఫిల్మ్‌నీ, ఆ అతికింపునీ తప్పించగలిగితేనే డబ్బు మిగులుతుంది. కాలిఫోర్నియాలో బయోసోలార్ అనే చిన్న కంపెనీ ఆముదపు గింజల నైలాన్‌తో 'బయోబ్యాక్‌షీట్' తెస్తామని ముందుకొచ్చింది కూడా ఈ లెక్కతోనే. తర్వాత ఆ కంపెనీ దారి మార్చుకుంది. 2021లో పేరు కూడా న్యూహైడ్రోజన్ అని మార్చేసుకుంది. ఆలోచన తప్పని నేననను. కానీ ఫ్లోరిన్ లేని మామూలు పెట్ షీట్లు కూడా ఈలోగా బాగా చవకయ్యాయి. మనం ధర పోల్చాల్సింది పాత టెడ్లర్ షీటుతో కాదు, ఇవాళ మీ గోడౌన్లో ఉన్న షీటుతో.

ఏ మొక్క, ఏ ప్లాస్టిక్?

మొక్కల ప్లాస్టిక్ అంటే ఒకటే సరుకు కాదు. సాంపిల్ రాగానే అది ఏ జాతిదో అడగండి. మొదటి జల్లెడ చాలా సులువు. మన లామినేటర్ 145 నుంచి 150 డిగ్రీల్లో నడుస్తుంది. ఆ వేడికి తట్టుకోనిది ఏదైనా అక్కడితో ఆగిపోవాలి.

మొక్కజొన్న పిండి నుంచి, చెరకు చక్కెర నుంచి వచ్చే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఏప్రిల్‌లో మన మేడ మీద ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి చూడండి, 65-70 డిగ్రీలు ఉంటుంది. పైగా వేడి, తేమ కలిస్తే పీఎల్ఏ విరిగిపోతుంది. 3డీ ప్రింటర్ పిల్లలు దీన్నే ఎక్కువగా తెస్తారు, వాళ్లని నిరుత్సాహపరచడం నాకు ఇష్టముండదు, అయినా వద్దనే చెబుతాను.

చెరకు పాలిథీన్ మంచి సరుకు. బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ కంపెనీ 2010 నుంచి చెరకు ఇథనాల్‌తో పెద్ద ఎత్తున చేస్తోంది. కానీ పాలిథీన్ 110-130 డిగ్రీల్లో కరిగిపోతుంది కాబట్టి ఒక్క పొరగా వెనక షీటుకి పనికిరాదు. అదే కంపెనీ 2018లో చెరకు ఈవీఏ కూడా తెచ్చింది, చెప్పుల అడుగులకి వాడుతున్నారు. సోలార్‌కి కావాల్సిన ఈవీఏలో వినైల్ ఎసిటేట్ 28 నుంచి 33 శాతం ఉండాలి. చెప్పులకి సరిపోయే ఈవీఏ అంతా మనకి సరిపోదు, ఆ శాతం అడగకుండా సాంపిల్ తీసుకోవద్దు.

బయో పెట్ మరోటి. పెట్‌లో బరువు ప్రకారం 30 శాతం దాకా గ్లైకాల్ భాగం. దాన్ని చెరకు మొలాసిస్ నుంచి చేయొచ్చు, మన దేశంలోనే ఉత్తరాఖండ్ కాశీపూర్‌లో ఇండియా గ్లైకాల్స్ చేస్తోంది. మిగతా 70 శాతం పెట్రోలుదే. అయితే ఇది మామూలు పెట్‌తో అణువు అణువునా ఒకటే, కాబట్టి మీ లైన్లో ఏ సెట్టింగూ మార్చనక్కర్లేదు. తల నొప్పి తక్కువ, లాభమూ తక్కువ.

ఇక ఆముదపు నైలాన్, అంటే నైలాన్ 11. ఆముదం నూనెలో దాదాపు 85-90 శాతం రిసినోలిక్ ఆమ్లం. ఇంకే నూనెలోనూ ఇది ఇంత మోతాదులో దొరకదు. నూనెని మిథనాల్‌తో కలిపి, ఆ ఎస్టర్‌ని బాగా కాలిస్తే అణువు ఒకచోట తెగి 11 కార్బన్ల ముక్క విడిగా వస్తుంది. దానికి ఒక చివర నైట్రోజన్ ఉన్న అమైన్ ముక్క తగిలించి గొలుసుగా కడితే నైలాన్ 11. కరిగేది 186-189 డిగ్రీల దగ్గర, లామినేటర్‌కి భయపడదు. ఇది కొత్త సరుకేమీ కాదు. ఫ్రాన్స్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి నుంచీ చేస్తున్నారు. ఆర్కెమా కంపెనీ రిల్సాన్ పేరుతో అమ్ముతుంది. లారీల ఎయిర్ బ్రేకు గొట్టాల్లో దీన్ని వాడతారు. ఎండ, వాన, డీజిలు, గ్రీజు అన్నీ ఓర్చుకోవాల్సిన చోటు అది.

ఇంకోమాట. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మట్టిలో కుళ్లిపోతుందని చాలామంది అనుకుంటారు. ఒక కస్టమర్ అయితే "వానాకాలానికి పుట్టగొడుగులు మొలవవు కదమ్మా?" అని అడిగాడు. నైలాన్ 11 కుళ్లదు. పుట్టుక మొక్కదే, గుణం ప్లాస్టిక్‌ది.

నిజంగా ఆముదానిదేనా?

మామూలు నైలాన్ 6 షీటుకి ఆకుపచ్చ లేబుల్ అంటించి అమ్మితే కంటికి తెలియదు. దీనికి నేను వంటింటి పద్ధతి ఒకటి వాడతాను. లీటరు నీళ్లలో 100 గ్రాముల ఉప్పు కరిగించండి. ఆ నీటి సాంద్రత 1.06 దాటుతుంది. నైలాన్ 11 సాంద్రత 1.03-1.05 కాబట్టి ముక్క తేలుతుంది. నైలాన్ 6 సాంద్రత 1.13, పెట్ 1.39, రెండూ మునుగుతాయి. ముక్కకి బుడగలు అంటుకోకుండా ముందు సబ్బు నీళ్లలో ముంచి తీయండి. తెల్ల రంగు కలిపిన షీటుతో ఈ పరీక్ష చేయొద్దు, ఆ రంగుపొడి బరువుకి మంచిదీ మునుగుతుంది. రంగు కలపని ముక్క విడిగా అడిగి తీసుకోండి.

రెండోది తేమ పరీక్ష. పది గ్రాముల ముక్కల్ని 80 డిగ్రీల్లో ఆరు గంటలు ఆరబెట్టి తూచండి. వారం నీళ్లలో ఉంచి, గుడ్డతో తుడిచి మళ్లీ తూచండి. నైలాన్ 11 నిండా తాగినా రెండు శాతం లోపే, అంటే 0.2 గ్రాములు. నైలాన్ 6 తొమ్మిది శాతం దాకా తాగుతుంది, 0.9 గ్రాములు. ఈ తేడా చెప్పడానికి మన చిన్న త్రాసు చాలు.

నైలాన్ 12 మాత్రం ఈ రెండు పరీక్షల్లోనూ నైలాన్ 11లాగే నడుచుకుంటుంది, అది పెట్రోలు సరుకు. మొక్క సరుకా కాదా అని గట్టిగా తేల్చేది కార్బన్-14 పరీక్ష. నిన్నమొన్నటి మొక్క కార్బన్‌లో అది ఉంటుంది. కోట్ల ఏళ్లనాటి పెట్రోలులో మిగలదు. ఏఎస్‌టీఎం డీ6866 (ఈ పరీక్ష ప్రమాణం పేరు) రిపోర్టు ఉందా అని అమ్మేవాళ్లనే అడగండి. నిజమైన సరుకున్నవాళ్లు ఆ కాగితం జేబులోనే పెట్టుకుని తిరుగుతారు.

షెడ్డులో పరీక్షలు

ప్రతి పరీక్షలోనూ మీరు ఇప్పుడు వాడుతున్న షీటు ముక్కని కూడా పక్కనే పెట్టండి. ఇది మరిచిపోతే మిగతాదంతా వృథా. కొత్త షీటు బాగుందా లేదా అన్నది పాతదాని పక్కన పెడితేనే తెలుస్తుంది.

మొదట ముడుచుకోవడం. షీటు మీద 100 మి.మీ. చదరం గీసి, ఓవెన్లో 150 డిగ్రీల్లో అరగంట ఉంచి, చల్లారాక కొలవండి. ఒకటిన్నర మి.మీ. కన్నా ఎక్కువ ముడుచుకుంటే వాపసు ఇచ్చేయండి. లామినేటర్లో ఆ షీటు ముడుచుకునేటప్పుడు సెల్ స్ట్రింగుల్ని (రిబ్బన్ తీగతో వరసగా కలిపిన సెల్స్ ని) కూడా లాక్కుపోతుంది. రిబ్బన్లు వంకర పోతాయి, ఒక్కోసారి రెండు స్ట్రింగులు తగులుకుంటాయి. పొడవు వైపు, అడ్డం వైపు రెండూ కొలవాలి, ఫిల్ములు ఎక్కువగా ఒకే వైపు ముడుచుకుంటాయి.

తర్వాత కుక్కర్. పెద్ద ల్యాబుల్లో 121 డిగ్రీల ఆవిరిలో 48 గంటలు ఉంచుతారు. మన కుక్కర్ బరువు ఎగిరే దశలో ఇంచుమించు 120 డిగ్రీలు. నేను రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులు చేస్తాను. ముక్కలు నీళ్లకి తగలకుండా జల్లి మీద పెట్టాలి. గంటకోసారి ఆపి, చల్లార్చి, నీళ్లు చూసుకోవాలి. ఒకసారి ఫోన్లో మాట్లాడుతూ మరిచిపోయాను, సేఫ్టీ వాల్వ్ పేలి రబ్బరు కాలి షెడ్డంతా పొగ. దగ్గర మనిషి లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. ఆ కుక్కర్‌ని మళ్లీ వంటకి వాడొద్దు.

ప్రతి ఎనిమిది గంటలకీ ఒక ముక్క తీసి పెన్సిలు చుట్టూ వంచి చూడండి. పీఎల్ఏ ముక్క మొదటి రోజే అప్పడంలా విరిగింది. చవక పెట్ నాలుగో రోజుకి గీతలు పడింది. తేమకి తట్టుకునేలా చేసిన పెట్, ఆముదపు నైలాన్ రెండూ ఆరో రోజు కూడా వంగాయి. నైలాన్ కాస్త పసుపుపచ్చగా మారింది.

అతుకు పరీక్షకి ల్యాబు అక్కర్లేదు, స్ప్రింగ్ త్రాసు చాలు. గాజు, రెండు ఈవీఏలు, షీటు వేసి చిన్న ముక్క లామినేట్ చేయండి. చల్లారాక షీటుని ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీగా కోసి, చివర లేపి, త్రాసు కొక్కేనికి తగిలించి వెనక్కి మడిచి లాగండి. కనీసం నాలుగు కిలోలు లాగితే గానీ ఊడకూడదు. ఒక కిలోకే ఊడొస్తే చాలాసార్లు షీటు తిరగేసి వేసి ఉంటారు. అతుకు బాగా పట్టేలా కరెంటుతో పైపొరని సిద్ధం చేసే కరోనా ట్రీట్‌మెంట్ చేసిన వైపు ఈవీఏకి తగలాలి. ఏ వైపో తెలియకపోతే నీటి చుక్క వేయండి, ట్రీట్ చేసిన వైపు చుక్క పరుచుకుంటుంది, రెండో వైపు ముత్యంలా నిలబడుతుంది.

చిన్న ప్యానెల్ కట్టడం

ఇవన్నీ నెగ్గితేనే ప్యానెల్ దాకా వెళ్లండి. పెద్దది వద్దు. 10 వాట్ల ప్యానెళ్లు నాలుగు కట్టండి: ఒకటి మీ మామూలు షీటుతో, మూడు కొత్తదానితో. సెల్స్, ఈవీఏ అన్నీ ఒకే లాటువి వాడండి.

మేం యూనిట్లో మొదటిసారి నైలాన్ షీటు వేసినప్పుడు లామినేటర్ మూత లేపగానే వెనకంతా పూరీలా పొంగి ఉంది. మా ఓనరు చూసి "ఏందమ్మా ఇది, షీటు వాపసు పంపు" అన్నారు. "సార్, తప్పు షీటుది కాదు, మనది" అన్నాను. కవరు తెరిచి వారం రోజులు అల్మరాలో పడేశాం, అదీ జూలైలో. గాలిలో తేమంతా నైలాన్ తాగేసింది. లామినేటర్లో వాక్యూమ్ పెట్టి 150 డిగ్రీలు ఇచ్చేసరికి ఆ నీరు ఆవిరై బయటికి తన్నింది. పెట్ షీటుతో అలవాటు పడిన చేతికి ఈ జాగ్రత్త తెలియదు. నైలాన్ షీటుని 80 డిగ్రీల్లో నాలుగు నుంచి ఆరు గంటలు ఆరబెట్టి, వేడి వేడిగానే కవర్లో సీలు చేసి, పొరలు పేర్చే లేఅప్ టేబుల్ మీదికి వచ్చాకే తెరవండి. ఆరబెట్టే ఓవెన్ కరెంటు కూడా ఖర్చే, తర్వాత లెక్కలో రాయండి.

లామినేటర్ సెట్టింగ్ మీ ఈవీఏ ఎలా చెబితే అలాగే ఉంచండి, షీటు కోసం మార్చొద్దు. మేం ఐదారు నిమిషాలు వాక్యూమ్, పది పన్నెండు నిమిషాలు ప్రెస్ ఇచ్చేవాళ్లం. బయటికి తీశాక సెల్స్ మధ్య ఖాళీల్లో షీటు లోపలికి గుంట పడిందేమో టార్చిలైటు అడ్డంగా వేసి చూడండి. అవి ముందు ముందు పగుళ్లు వచ్చే చోట్లు.

చివరిగా మెగ్గర్. ప్యానెల్‌ని ప్లాస్టిక్ టబ్‌లో నీళ్లలో ముంచి, జంక్షన్ బాక్స్ నోరు నీళ్లపైన ఉంచండి. రెండు లీడ్లూ కలిపి మెగ్గర్ ఒక కొసకి, రెండో కొస నీళ్లలో వేసిన రాగి తీగకి తగిలించి 500 వోల్టులు రెండు నిమిషాలు ఇవ్వండి. చదరపు మీటరులో పదో వంతు కన్నా చిన్న ప్యానెల్‌కి 400 మెగా ఓమ్‌ల కన్నా తగ్గకూడదు. ఆ రెండు నిమిషాలూ నీళ్లలో, టబ్ మీద ఎవరి చెయ్యీ ఉండకూడదు. రబ్బరు చెప్పులు వేసుకుని చేయండి, పిల్లలకి ఒంటరిగా అప్పగించొద్దు.

ఈ ప్యానెళ్లు అమ్మకానికి కాదు. బ్యాక్‌షీట్ మారిస్తే పాత సర్టిఫికెట్ చెల్లదు. ప్యానెళ్ల నాణ్యతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61215లో సంబంధించిన పరీక్షలు మళ్లీ చేయించాలి, 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటల పరీక్షతో సహా. బీఐఎస్ రిజిస్ట్రేషన్ సంగతీ చూసుకోవాలి. ఆ ఖర్చు పెట్టే ముందు మనకి మనమే తేల్చుకోవడానికే ఈ షెడ్డు పరీక్షలన్నీ.

డబ్బు లెక్క

కిలో ధరలు పోల్చొద్దు. మనం షీటుని కిలోల్లో కొంటాం గానీ చదరపు మీటర్లలో వాడతాం. 0.3 మి.మీ. మందంతో చదరపు మీటరు పెట్ 417 గ్రాములు, నైలాన్ 11 అయితే 309 గ్రాములు. అంటే పెట్ కిలో వంద రూపాయలనుకుంటే (లెక్క కోసమే), నైలాన్ కిలో 135 ఉన్నా మీటరు ఖర్చు ఒకటే. బయోసరుకు అమ్మేవాళ్లు ఈ 35 శాతం సంగతి చెప్పి మురిపిస్తారు. నిజమే, కానీ నైలాన్ 11 ధర పెట్ కన్నా 35 శాతం కాదు, చాలా రెట్లు ఎక్కువ. పూర్తి మందం నైలాన్ షీటు పెట్ షీటు కన్నా చవక కావడం నేను చూడలేదు.

దీనికి నాయిన వైపు నుంచీ ఒక లెక్క ఉంది. కిలో ఆముదం నూనెలో, ఏ నష్టమూ లేకుండా చేసినా, నైలాన్‌గా మారేది అర కిలోకి కాస్త అటూ ఇటూ. మిగతాది గ్లిజరిన్, హెప్టాల్డిహైడ్ వగైరాలుగా పోతుంది, వాటికి వేరే మార్కెట్ ఉంది. గింజలో నూనె 46 శాతం అనుకోండి. ఒక 540 వాట్ల ప్యానెల్ వెనక పూర్తి నైలాన్ షీటుకి 0.8 కిలోల నైలాన్, అంటే తక్కువలో తక్కువ మూడున్నర కిలోల గింజలు. దేశంలో ఆముదం ఎక్కువగా పండేది గుజరాత్‌లో. అక్కడ పంట తగ్గిన ఏడు నూనె ధర పెరుగుతుంది, ఆ పెరుగుదల మీ షీటు కొటేషన్లో కనిపిస్తుంది. కొటేషన్ ఎన్ని నెలలకి చెల్లుతుందో రాయించుకోండి.

మరి డబ్బు మిగిలే దారి ఏదీ అంటే, పలచటి పొర. లోపల పెట్ లేదా బయో పెట్, బయటి వైపు మాత్రం 50 మైక్రాన్ల ఆముదపు నైలాన్. చదరపు మీటరుకి నైలాన్ 52 గ్రాములే, ప్యానెల్‌కి అర కిలో పైచిలుకు గింజలు. ఈ పొరలన్నీ ఒకే మెషిన్లో, మధ్యలో అతుకు పొరతో సహా, ఒకేసారి వేడిగా తీస్తే జిగురు పూసి ఫిల్ములు అతికించే పని ఉండదు. టెడ్లర్ షీటుతో పోలిస్తే ఈ తరహా షీటు నిలబడగలదు. మామూలు పెట్ షీటుతో పోలిస్తే మాత్రం పోటీ గట్టిగానే ఉంటుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు కదా, టెడ్లర్ దొరక్క జనం అల్లాడిన రోజుల్లో ఈ నైలాన్ అలాగే కనిపించింది. ఇప్పుడు చుట్టూ వేరే చెట్లు చాలానే ఉన్నాయి.

లెక్కలో రాయాల్సినవి: చదరపు మీటరు ధర, ఆరబెట్టే కరెంటు, కవరు తెరిచాక పాడైన షీటు, అంచులు కోసిన తుక్కు. తుక్కు విషయంలో మొక్క షీటుకి ఒక మేలుంది. ఫ్లోరిన్ ఉన్న తుక్కుని కాలిస్తే విషవాయువు వస్తుంది, దాన్ని వదిలించుకోవడానికి డబ్బు ఇవ్వాలి. నైలాన్ తుక్కుని కొనేవాళ్లు దొరుకుతారు. ఆ రెండు అంకెల మధ్య తేడా నెలాఖరుకి చిన్నదేమీ కాదు.

ముందు ఎక్కడ వాడాలి?

నన్నడిగితే చిన్న యూనిట్లు వెనక షీటుతో మొదలుపెట్టకూడదు. కారణం చెబుతాను. 2010 తర్వాత కొన్నేళ్లపాటు మూడు పొరలూ నైలాన్‌తోనే చేసిన బ్యాక్‌షీట్లు ప్రపంచమంతా లక్షల ప్యానెళ్లలో వాడారు. అది పెట్రోలు నైలాన్ 12. ల్యాబులో 85/85 పరీక్షలన్నీ నెగ్గింది. తీరా మైదానంలో నాలుగైదేళ్లకి సెల్స్ మధ్య ఖాళీల వెంట నిలువునా పగిలింది. వానొస్తే ఇన్వర్టర్ ఎర్త్ ఫాల్ట్ (కరెంటు నేలలోకి లీకవుతోందని) చూపించి ఆగిపోయేది. ల్యాబులో వేడి ఒకసారి, తేమ ఒకసారి, అల్ట్రావయొలెట్ ఒకసారి విడివిడిగా ఇస్తారు. ఎండలో అన్నీ ఒకేసారి పడతాయి, దానికి తోడు ఈవీఏ నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం లోపలి నుంచి తింటుంది. మన ఆముదపు నైలాన్‌లోనూ అదే అమైడ్ బంధం (గొలుసు ముక్కల్ని కలిపే లంకె). దానికి అలా జరుగుతుందని కాదు, జరగదని చెప్పడానికి మాత్రం ఆరు రోజుల కుక్కర్ చాలదు.

అందుకే ముందు కేబుల్ టైలు, అంటే తీగల్ని కట్టే ప్లాస్టిక్ పట్టీలు. సోలార్ ప్లాంట్లలో మామూలు నైలాన్ 66 టైలు రెండు మూడు ఎండాకాలాలకే పటుక్కున విరుగుతాయి, తీగలు వేలాడతాయి, మళ్లీ మనిషిని పంపి కట్టించాలి. ఎండకి తట్టుకునేలా చేసిన నైలాన్ 11 టైలు మార్కెట్లో ఉన్నాయి. ఒక్కోటీ ఖరీదెక్కువే, కానీ కట్టే కూలి రెండోసారి ఇవ్వనక్కర్లేదు. విరిగినా ప్యానెల్‌కి ఏమీ కాదు. ఒక ప్లాంటులో ఒక వరసకి ఇవి, పక్క వరసకి పాతవి కట్టి చూడండి. నా లెక్కలో మొక్క ప్లాస్టిక్ సోలార్‌లో ఇవాళ ఖర్చు తగ్గించే మొదటి చోటు ఇదే, దీని గురించి ఎవరూ బ్రోచర్ వేయరు.

వెనక షీటు సంగతి మేడ మీద నడుస్తూనే ఉండాలి. నేను షీటు పట్టీల్ని రెండు వరసల్లో కట్టాను. ఒక వరస ఆకాశం వైపు, రెండోది ప్యానెల్ వెనకలాగే నేల వైపు. కింద నేలకి తెల్ల సున్నం కొట్టించాను, ఎండ తిరిగి పైకి తగలాలని. ఆరు నెలలకోసారి ఒక్కో పట్టీ తీసి పెన్సిలు చుట్టూ వంచుతాను. మొదటి ఏడాది పట్టీల మీద మార్కరుతో తేదీలు రాశాను, రెండో వేసవికి అక్షరాలే ఎగిరిపోయాయి, ఏది ఏ బ్యాచ్‌దో తెలియక సగం పట్టీలు పారేయాల్సి వచ్చింది. మీరు సూదితో గీకండి. లేదా పట్టీ మూలకి రంధ్రాలు పొడవండి, మొదటి బ్యాచ్‌కి ఒకటి, రెండో బ్యాచ్‌కి రెండు.